లో కార్బ్ డైట్ ఆపాక ఒంట్లో నీరు, కాళ్ళ వాపు: తరచుగా అడిగే ప్రశ్నలు

కీటో అనో, వీఆర్‌కే (వీరమాచనేని రామకృష్ణ) పద్ధతి అనో, ఏ పేరూ లేకుండా "అన్నం మానేశాను" అనో పిండిపదార్థాలు బాగా తగ్గించినవాళ్ళు హైదరాబాద్‌లో ఇప్పుడు ప్రతి ఆఫీసులోనూ, ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళకి కొదవ లేదు. ఆపేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. అందుకే నాలుగు రోజులు అన్నం తినగానే కాళ్ళు వాచి, బరువు పెరిగి, చాలామంది టెన్షన్ పడిపోతారు. తిండి విషయంలో సలహాలు ఇచ్చే పనిలో నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను.

ముందుగా ఒక్క మాట. వాపుతో పాటు ఆయాసం ఉన్నా, ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా, మీరు గర్భిణి అయినా ఇది చదవడం పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి. మిగతావి తర్వాత చదువుకోవచ్చు.

అన్నం మళ్ళీ మొదలుపెట్టి నాలుగు రోజులే అయింది. బరువు రెండున్నర కిలోలు పెరిగింది, ఉంగరం వేలికి పట్టేస్తోంది. ఇదంతా కొవ్వేనా?

కొవ్వు అయ్యే అవకాశం దాదాపు లేదు. లెక్క వేసి చూడండి. ఒక కిలో కొవ్వు పెరగాలంటే ఒంటికి కావలసిన దానికన్నా సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. రెండున్నర కిలోలకి 19,000 దాటుతుంది. నాలుగు రోజుల్లో అంటే, మామూలు తిండి కాక రోజుకి మరో 4,800 కేలరీలు. ఎంత ఆబగా తిన్నా అది కుదిరే పని కాదు.

పెరిగినదాంట్లో పెద్ద వాటా నీళ్ళదే. పిండిపదార్థాల్ని మన ఒళ్ళు గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో 100 గ్రాముల దాకా, కండరాల్లో 300 నుంచి 400 గ్రాముల దాకా ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. లో కార్బ్ మొదలుపెట్టిన మొదటి వారంలో "మూడు కిలోలు తగ్గాను" అని సంబరపడ్డారు చూడండి, అందులో ఎక్కువ భాగం ఈ గ్లైకోజెన్, దాని నీరు, దానితో పాటు పోయిన ఉప్పునీరే. ఇప్పుడు అదే తిరిగొచ్చింది. కండరాల్లోకి చేరిన ఈ నీరు జబ్బు కాదు, వాపు కూడా కాదు. మెట్లెక్కేటప్పుడు కాళ్ళలో సత్తువ తెలుస్తోందంటే దానివల్లే.

మరి ఉంగరం బిగుసుకోవడం, పాదాలు ఉబ్బడం ఎందుకు?

అది రెండో నీరు. కండరం లోపల కాకుండా చర్మం కింద, కణాల మధ్య చేరే ఉప్పునీరు. అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఇన్సులిన్ అనగానే మనకి షుగర్ గుర్తొస్తుంది. దానికి ఇంకో పని కూడా ఉంది. ఉప్పులోని సోడియాన్ని మూత్రంలో వదిలెయ్యకుండా వెనక్కి తీసుకోమని కిడ్నీలకి చెప్పేది కూడా ఇన్సులినే. 1975లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద ఒక పరీక్ష చేశారు. రక్తంలో చక్కెర ఏమాత్రం మారకుండా చూసుకుంటూ ఇన్సులిన్ మాత్రమే ఎక్కించారు. మూత్రంలో పోయే సోడియం దాదాపు సగానికి పడిపోయింది. అంటే చక్కెరతో సంబంధం లేకుండా ఇన్సులిన్ ఒక్కటే ఉప్పుని పట్టి ఉంచగలదు.

పిండిపదార్థాలు మానేసినప్పుడు ఇన్సులిన్ తగ్గుతుంది, కిడ్నీలు సోడియాన్ని ధారాళంగా వదిలేస్తాయి. మొదటి వారంలో మాటిమాటికీ మూత్రానికి వెళ్ళడం, తల తిరగడం, కాలి పిక్కలు పట్టెయ్యడం ఇందుకే. పోతున్న ఉప్పుని ఎలాగైనా కాపాడుకోవాలని ఒళ్ళు ఆల్డోస్టెరోన్ అనే ఇంకో హార్మోన్‌ని పెంచుకుంటుంది. సరిగ్గా ఆ స్థితిలో మీరు ఒక్కసారిగా ప్లేటు నిండా అన్నం తిన్నారనుకోండి. ఇన్సులిన్ లేస్తుంది, ఉప్పుని పట్టుకోమంటుంది. పెరిగి ఉన్న ఆల్డోస్టెరోన్ ఇంకా సర్దుకోలేదు, అదీ పట్టుకోమనే అంటుంది. రెండూ కలిస్తే కిడ్నీలు ఉప్పుని ఒంట్లోనే ఉంచేస్తాయి. ఉప్పు ఉన్నచోట నీరు ఉంటుంది.

ఎంత నీరు? ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు అన్నమాట. మన ఒంట్లో కణాల బయట ఉండే నీరు కూడా ఇంచుమించు అంతే ఉప్పగా ఉంటుంది. కాబట్టి ఒక చిన్న చెంచాడు ఉప్పు, అంటే ఐదు గ్రాములు, బయటికి పోకుండా ఒంట్లో నిలిచిపోతే అర లీటరుకి పైగా నీరు దానితో నిలిచిపోయినట్టే. మూడు రోజులు వరసగా అలా జరిగితే మడమల దగ్గర పట్టీలు బిగుసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మా ఆయనా నేనూ ఒకే రోజు ఆపాం. ఆయనకి ఏమీ కాలేదు, నాకే మెట్టెలు కోసుకుపోయేంతగా వేళ్ళు వాచాయి. నాలో ఏదైనా లోపం ఉందా?

లోపం ఉండాల్సిన అవసరం లేదు. నెలసరి ముందు రోజుల్లో ఆడవాళ్ళకి నీరు కాస్త నిలుస్తుంది, డైట్ ఆపడం ఆ రోజుల్లోనే పడితే రెండూ కలుస్తాయి. రోజంతా కుర్చీలో కూర్చునే పనో, షాపులో నిలబడే పనో అయితే నీరు కిందికి దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకి రక్తనాళాలు వెడల్పై పాదాలు మామూలుగానే ఉబ్బుతాయి. ఎంత కఠినంగా డైట్ చేస్తే, ఎంత హఠాత్తుగా ఆపితే వాపు అంత ఎక్కువ. కాళ్ళలో నరాలు ఉబ్బి కనిపించే వెరికోస్ వెయిన్స్ ఉన్నవాళ్ళకి మరీనూ.

మీరు వాడే మందులు కూడా చూసుకోండి. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్, షుగర్‌కి ఇచ్చే పయోగ్లిటజోన్, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, మోకాళ్ళ నొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆపైన స్టెరాయిడ్లు. ఇవన్నీ వాపు తెచ్చేవే. లో కార్బ్‌లో ఉన్నన్నాళ్ళూ ఉప్పునీరు పోతూ ఉండటంతో ఆ వాపు బయటపడకుండా ఉండి ఉండొచ్చు. ఇది డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం, అంతేగానీ మాత్ర మీరే ఆపెయ్యకండి.

అన్నం మానినప్పుడు లేని వాపు తింటే వచ్చిందంటే, అన్నం నాకు పడదనేగా అర్థం?

ఈ ప్రశ్న వినగానే నాకు బాధేస్తుంది, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు దారి పట్టిపోతారు. అన్నం తప్పు కాదు. అన్నంతో పాటు ఏం వచ్చిందో చూడండి.

డైట్ ఆపిన మొదటి రోజున ఎవరూ పెరుగన్నంతో ఆపరు. ఆరు నెలలుగా నోరు కట్టుకున్న మనిషి మొదట తినేది బిర్యానీయే, దానితో సాలన్, మిర్చీ బజ్జీ, సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. రంజాన్ నెలైతే హలీం. ఇంట్లో తిన్నా వేడన్నంలో ఆవకాయ, పక్కన అప్పడం. ఆవకాయ కొలతలు మన అమ్మమ్మల్ని అడగండి: ఆవపిండి, కారం, ఉప్పు మూడూ సమానం అంటారు. అంత ఉప్పు ఉంటేనే ఏడాది నిలవుంటుంది. చాయ్‌లో ముంచుకునే బిస్కెట్ తియ్యగా ఉందనుకుంటాం గానీ ఉస్మానియా బిస్కెట్ రుచంతా ఆ ఉప్పూ తీపీ కలయికలోనే ఉంది.

రోజుకి ఒక మనిషికి అన్నీ కలిపి ఐదు గ్రాముల ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అదే. ఒక బిర్యానీ పూటలోనే ఆ కోటా అయిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. లో కార్బ్ చేసేవాళ్ళకి నీరసం రాకుండా మజ్జిగలో, సూప్‌లో ఉప్పు ఎక్కువ వేసుకోమని, నిమ్మకాయ నీళ్ళలో ఉప్పు కలుపుకోమని చెప్తారు. అప్పుడు అది అవసరమే, ఎందుకంటే కిడ్నీలు ఉప్పుని పారబోస్తున్నాయి. అన్నం మొదలయ్యాక ఆ అవసరం తీరిపోతుంది, అలవాటు మాత్రం పోదు. కూకట్‌పల్లి నుంచి ఒకావిడ వాచిన కాళ్ళతో వచ్చారు. తిండి అంతా పద్ధతిగానే ఉంది: రెండు పూటలా కొలిచిన అన్నం, పప్పు, కూర. మాటల మధ్యలో హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సీసా తీసి తాగారు. నిమ్మరసం, అడుగున ఇంకా కరగని ఉప్పు. అలాంటివి రోజుకి మూడు సీసాలట. ఉప్పు లేని నిమ్మరసానికి మారాక పది రోజుల్లో ఆవిడ చెప్పులు మళ్ళీ వదులయ్యాయి.

ఇది ఎన్నాళ్ళుంటుంది?

సాధారణంగా రెండో రోజో మూడో రోజో మొదలై, మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. హార్మోన్లు కొత్త తిండికి అలవాటు పడి, అదనపు ఉప్పుని కిడ్నీలు వదిలెయ్యడం మొదలుపెడతాయి. ఒకరోజు హఠాత్తుగా మూత్రం ఎక్కువగా రావడం చాలామంది గమనిస్తారు. మూడు వారాలు దాటినా తగ్గకపోయినా, రోజురోజుకీ పైకి పాకుతున్నా దాన్ని డైట్ ఖాతాలో వెయ్యకండి.

వాపు పోయాక కూడా డైట్‌లో ఉన్నప్పటి అతి తక్కువ బరువు కన్నా కిలో, కిలోన్నర ఎక్కువే ఉంటారు. అది గ్లైకోజెన్‌తో ఉన్న నీరు, ఉండాల్సిందే.

లావయ్యానా, నీరు పట్టిందా అని ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి?

సాయంత్రం పూట మంచం మీద కూర్చుని, చీలమండకి నాలుగు వేళ్ళ పైన, ముంగాలి ఎముక లోపలి వైపు బొటనవేలితో గట్టిగా నొక్కి పది అంకెలు లెక్కపెట్టండి. వేలు తీశాక అక్కడ చిన్న గుంట కనిపించి, మెల్లగా పూడుకుంటూ ఉంటే అది నీరు. కొవ్వైతే గుంట నిలవదు. రెండు కాళ్ళకీ చేసి చూడండి, రెండూ ఒకేలా ఉన్నాయా అన్నది ముఖ్యం. గుంట పూడటానికి ఎంతసేపు పడుతోంది, వాపు మడమ దగ్గరే ఉందా మోకాలి దాకా పాకిందా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టర్‌కి చూపించాల్సి వస్తే ఆ కాగితం ఎంతో పనికొస్తుంది.

సాక్సు ఎలాస్టిక్ గీతలు అందరికీ పడతాయి. వాటిని చూసి కంగారు పడొద్దు. పొద్దున లేవగానే కళ్ళ కింద, మొహం ఉబ్బి ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి, కిడ్నీ వైపు చూడాలి.

వాపు లేదు, పొట్ట మాత్రం డోలులా ఉంది.

అది వేరే సంగతి. నెలల తర్వాత పప్పు, శనగలు, గోధుమ ఒక్కసారిగా వచ్చేసరికి పేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. పప్పు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్ళండి, శనగల్లాంటివి రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండండి. రెండు మూడు వారాల్లో పొట్ట అలవాటు పడుతుంది.

నీరు పట్టింది కదా, నీళ్ళు తాగడం తగ్గించాలా?

వద్దు. నీటిని పట్టి ఉంచుతున్నది ఉప్పు, మీరు తాగే గ్లాసు కాదు. దాహం వేసినప్పుడల్లా తాగండి. అలాగని డైట్‌లో చెప్పినట్టు లెక్కపెట్టుకుని రోజుకి నాలుగు లీటర్లు తాగాల్సిన పనీ లేదు. గుండె, కిడ్నీ జబ్బులకి డాక్టర్ నీటి కొలత ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి.

మా పక్కింటివాళ్ళు లాసిక్స్ మాత్ర వేసుకోమన్నారు. ఒక్కరోజులో తగ్గిపోతుందట.

దయచేసి వేసుకోకండి. ఒక్కరోజులో తగ్గుతుందన్నది నిజమే, అందుకే అది ప్రమాదం. లాసిక్స్ అంటే ఫ్యూరోసమైడ్. అది కిడ్నీల చేత ఉప్పునీటిని బలవంతంగా తోడించేస్తుంది, దానితో పాటు పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయి. లో కార్బ్‌లో ఉన్నప్పుడే అవి చాలామందికి తగ్గి ఉంటాయి. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది.

ఇంకో ఇబ్బంది ఏమిటంటే, నీరు హఠాత్తుగా పోగానే ఒళ్ళు భయపడి ఉప్పుని పట్టుకునే హార్మోన్లని ఇంకా పెంచుకుంటుంది. మాత్ర ఆపిన రెండు రోజులకి వాపు మునుపటికన్నా ఎక్కువగా వస్తుంది. "చూశారా, మాత్ర లేకపోతే నాకు కుదరదు" అని మళ్ళీ వేసుకుంటారు. కొన్ని వారాల్లో తగ్గిపోవాల్సిన మామూలు వాపుని నెలల వాపుగా మార్చుకోవడమిది. గుండె, కాలేయం, కిడ్నీ జబ్బుల్లో ఈ మందు ప్రాణాలు కాపాడుతుంది, కానీ అక్కడ డాక్టర్ రక్తపరీక్షలు చూస్తూ ఇస్తారు.

బార్లీ నీళ్ళు, గలిజేరు ఆకు?

బార్లీ నీళ్ళు ఉప్పు వెయ్యకుండా తాగితే ఇబ్బంది లేదు. కానీ బార్లీలో ఉన్నదీ పిండిపదార్థమే, అదీ లెక్కలోకి వస్తుంది. గలిజేరు ఆకు పప్పులో వేసుకుని ఎప్పుడైనా తినండి, మంచి ఆకుకూర. దాన్ని కషాయం కాచి రోజూ గ్లాసులకొద్దీ తాగడం మాత్రం కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు చెయ్యకూడదు.

నిజంగా పనిచేసేవి చాలా మామూలుగా ఉంటాయి. రోజూ అరగంట నడక, ఎందుకంటే పిక్కలు కదిలితేనే కిందికి దిగిన నీరు పైకి వెళ్తుంది. ఆఫీసులో గంటకోసారి లేచి తిరగడం. సాయంత్రం ఇరవై నిమిషాలు కాళ్ళ కింద దిండ్లు పెట్టి పడుకోవడం. రెండు వారాలు పచ్చళ్ళు, అప్పడాలు, చిప్స్, బయటి తిండి పక్కన పెట్టడం. కిడ్నీలు బాగున్నవాళ్ళు అరటిపండు, ఆకుకూరలు, టమాటా, ఉప్పు లేని పల్చటి మజ్జిగ తీసుకుంటే వాటిలోని పొటాషియం సోడియాన్ని బయటికి పంపడానికి సాయపడుతుంది.

సరే, అన్నం మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి? ఒక పద్ధతి చెప్పండి.

మెల్లగా. అంతకన్నా గొప్ప పద్ధతి లేదు, కానీ దాన్ని పాటించేవాళ్ళే తక్కువ.

వంద గ్రాముల అన్నంలో గానీ, ఒక జొన్నరొట్టెలో గానీ, రెండు మూడు ఇడ్లీల్లో గానీ దాదాపు 25 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మొదటి ఐదారు రోజులు రోజు మొత్తానికి వీటిలో ఏదో ఒక్కటే కలపండి. మధ్యాహ్నం పూటైతే మంచిది, ఆ తర్వాత తిరుగుతారు కాబట్టి. గుంట పరీక్షలో వాపు లేకపోతే తర్వాతి ఐదారు రోజులకి ఇంకొకటి. ఇలా నెలా నెలన్నరలో మామూలు భోజనానికి రావచ్చు. అన్నం పెరిగేకొద్దీ నూనె, నెయ్యి, కొబ్బరినూనె తగ్గాలి, ఇది మరిచిపోకండి. డైట్ నాటి కొవ్వు అలాగే ఉంచి పైన అన్నం చేరిస్తే అప్పుడు పెరిగేది నీరు కాదు, నిజమైన కొవ్వే.

ఎంతదాకా పెంచాలి అంటే, జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో 45 శాతానికి మించి బియ్యం, గోధుమ, చిరుధాన్యాల నుంచి రాకూడదు. 2,000 కేలరీలు తినే మనిషికి పచ్చి ధాన్యం సుమారు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400 గ్రాముల దాకా. మనలో చాలామంది డైట్‌కి ముందు తిన్నది ఇంతకన్నా ఎక్కువ అన్నం, తక్కువ పప్పు. కాబట్టి పాత పళ్ళేనికి తిరిగి వెళ్ళమని నేను చెప్పను. రైతుబజార్‌లో సంచి నింపేటప్పుడే కూరగాయల వైపు మొగ్గండి.

నాకు షుగర్ ఉంది. డైట్‌లో డాక్టర్ మాత్రలు తగ్గించారు. ఇప్పుడు?

డైట్ మొదలుపెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడ్డారో, ఆపేటప్పుడూ అంతే పడాలి. ముందే ఫోన్ చేసి డాక్టర్‌కి చెప్పండి. పరగడుపున, తిన్న రెండు గంటలకి షుగర్ చూసుకుంటూ ఉండండి. బీపీ మాత్ర తగ్గించినా ఆపినా బీపీ కూడా చూసుకోండి, ఉప్పునీరు చేరినప్పుడు అది పెరగొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు మూత్రంలో చక్కెరతో పాటు కొంత సోడియాన్నీ పంపుతాయి. వాటిని ఆపిన వారంలోనే అన్నం కూడా మొదలుపెడితే నీరు రెండు వైపుల నుంచీ చేరుతుంది. ఇన్సులిన్ డోసు పెంచినప్పుడు కూడా కొందరికి కొన్ని వారాలు వాపు ఉంటుంది. అందుకని పెంచిన డోసు మీరే తగ్గించుకోకండి.

రెండు నెలలు సూప్‌లు, నిమ్మరసం, కొబ్బరినూనె మీదే ఉన్నాను. చాలా బరువు తగ్గాను. రేపటి నుంచి అన్నం తినొచ్చా?

మీ విషయం పైన చెప్పినవాళ్ళ లాంటిది కాదు. దయచేసి ఈ జవాబు మొత్తం చదవండి.

చాలా రోజులు దాదాపు పస్తు మీద ఉన్న ఒంట్లోకి పిండిపదార్థాలు ఒక్కసారిగా వస్తే, ఇన్సులిన్ లేచి రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంలని కణాల్లోకి లాక్కుపోతుంది. రక్తంలో అవి ప్రమాదకరంగా పడిపోవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విడుదలైన ఖైదీలకి కడుపునిండా తిండి పెడితే కొందరు గుండె ఆగి చనిపోయారు. అప్పుడే వైద్యులు దీన్ని గమనించారు. తిండి మొదలుపెట్టిన మొదటి కొన్ని రోజుల్లోనే విపరీతమైన నీరసం, గుండెదడ, ఆయాసం, తికమక, వాపు వస్తే అది ఆస్పత్రి కేసు.

మరొకటి థయామిన్, అంటే బి1 విటమిన్. పిండిపదార్థాల్ని ఒళ్ళు వాడుకోవాలంటే అది కావాలి. దాని నిల్వలు మన ఒంట్లో కొన్ని వారాలకి మించవు. అది అడుగంటినప్పుడు తెల్లన్నం మీద తెల్లన్నం తింటే గుండె బలహీనపడి కాళ్ళు వాచే బెరిబెరి రావచ్చు. ఇదేదో ఎక్కడిదో జబ్బు కాదు. బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినే మన ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు అది మామూలే. ధాన్యాన్ని ఉడకబెట్టి ఆరబెట్టి దంచే ఉప్పుడు బియ్యం తినేచోట అంతగా లేదు, ఎందుకంటే అలా ఉడికేటప్పుడు తవుడు పొరలోని విటమిన్ గింజలోకి చేరుతుంది. 

ప్రోటీన్ సంగతి కూడా చూడాలి. గుడ్డూ, మాంసం, పప్పూ, పెరుగూ ఏదీ సరిగా లేకుండా నెలలు గడిస్తే తిండి మొదలుపెట్టక ముందే కాళ్ళు వాచొచ్చు. కాబట్టి ముందు డాక్టర్‌ని కలిసి పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) చూపించుకోండి. బి1 అవసరమైతే తిండికి ముందే ఇస్తారు. ఆ తర్వాత చిన్న చిన్న పూటలుగా, పప్పు, పెరుగు, గుడ్డుతో కలిపి మొదలుపెట్టొచ్చు.

ఎలాంటి వాపుకి వెంటనే వెళ్ళాలి?

పడుకుంటే ఊపిరి అందకపోవడం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పినట్టు ఉండటం: 108కి ఫోన్ చెయ్యండి. ఒక్క కాలు వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమోనని అదే రోజు చూపించుకోవాలి. అలాంటి కాలుని పిసకడం, నూనెతో మర్దనా చెయ్యడం అస్సలు వద్దు. గర్భిణులకి మొహం, చేతులు వాచి తలనొప్పి, కళ్ళు మసకలు ఉంటే కూడా ఆలస్యం చెయ్యకూడదు. మూత్రంలో నురగ, మూత్రం తగ్గిపోవడం, కళ్ళు పచ్చబడటం, పొట్ట నీటితో నిండటం: ఒకటి రెండు రోజుల్లో వెళ్ళండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే "అన్నం వల్లేలే" అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చెప్పాలి.

ఏ పరీక్షలు చేయించాలి? ఎక్కువ ఖర్చవుతుందా?

మూత్రపరీక్ష, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, ఆల్బుమిన్‌తో కలిపి కాలేయ పరీక్ష, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్. వీటితో చాలావరకు తేలిపోతుంది. ఈసీజీ, 2డీ ఎకో అవసరమా అన్నది డాక్టర్ చూసి చెప్తారు. బస్తీ దవాఖానాలో డాక్టర్ రాస్తే రక్తం, మూత్రం పరీక్షలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితంగా జరుగుతాయి. పెద్ద ప్యాకేజీలు అక్కర్లేదు.

మళ్ళీ లో కార్బ్‌లోకి వెళ్తే వాపు రెండ్రోజుల్లో పోతోంది. అదే నయం కదా?

పోతుంది, నిజమే. ఇన్సులిన్ తగ్గగానే ఉప్పునీరు పోతుంది. అందుకే చాలామంది నాలుగు రోజులు అన్నం, వాపు, భయం, మళ్ళీ డైట్, మళ్ళీ ఏదో పెళ్ళి భోజనం, మళ్ళీ వాపు అంటూ ఏళ్ళు గడిపేస్తారు. ప్రతిసారీ వాపు వచ్చే ఆ మొదటి వారంలోనే వెనక్కి తిరిగిపోతే, మూడో వారంలో అది దానంతటదే తగ్గడం ఎప్పటికీ చూడరు. షుగర్ అదుపు కోసం డాక్టర్ పర్యవేక్షణలో తక్కువ పిండిపదార్థాలతో ఉండటం మంచిదే, అది మీ నిర్ణయం. వాపుకి భయపడి మాత్రం ఆ నిర్ణయం తీసుకోకండి.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. డైట్ ఆపి పది రోజులైంది. బస్సులో రాత్రంతా ప్రయాణం.

కాళ్ళు వేలాడేసి ఎనిమిది గంటలు కూర్చుంటే ఎవరికైనా పాదాలు ఉబ్బుతాయి, మీకు ఇంకాస్త ఎక్కువ. వీలైతే స్లీపర్ బస్ తీసుకోండి. సీటే దొరికితే అరగంటకోసారి మడమలు పైకీ కిందికీ ఆడించండి, బస్సు ఆగినచోటల్లా దిగి నడవండి. బిగుతు బూట్లు కాకుండా వదులు చెప్పులు వేసుకోండి, ఉంగరం, మెట్టెలు బిగుతుగా ఉంటే ముందే తీసేయండి. దారిలో డాబా తిండి, చిప్స్ ప్యాకెట్ మానేసి ఇంటి నుంచి ఇడ్లీ, అరటిపళ్ళు కట్టుకెళ్ళండి.

పండగ పూట సకినాలూ అరిసెలూ తినొద్దని చెప్పను. సకినాలు తిన్న పూట పచ్చడి మానండి, అరిసె తిన్న పూట అన్నం తగ్గించండి. బరువు చూసుకోవడం మాత్రం ఊరి నుంచి తిరిగొచ్చిన వారం తర్వాతే. పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినక ముందు.